పెనుకొండలో ఇరవై రెండు మెట్లు

హిందూపురంలో ఊరి వార్తలను టీవీలోకి ఎక్కించింది నేనే. ఆ వార్తలు చదివిన మనిషికి ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఎక్కడ ఆగాలో, కెమెరా వైపు ఎలా చూడాలో దగ్గర కూర్చోబెట్టుకొని నేర్పింది కూడా నేనే. ఈ సంగతి పెళ్ళిళ్ళలో, రైళ్ళలో, మంగలి అంగడిలో కనీసం వెయ్యిసార్లు చెప్పి ఉంటాను.

వెయ్యి కాదు. ఓ నలభై సార్లు. నేర్పింది కూడా నేను కాదు, నాకే ఆమె నేర్పింది. డెబ్బై ఆరేళ్ళు వచ్చాయి, ఇప్పుడైనా ఉన్నది ఉన్నట్టు రాద్దామని కూర్చున్నాను. అలవాటు పాతది కాబట్టి మధ్యలో ఎక్కడైనా నోరు జారవచ్చు. జారినచోట నేనే ఆగి చెప్పేస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

తొంభైలలో నాకు రెండు పనులు. పొద్దున చింతపండు మండీలో గుమాస్తాను. మధ్యాహ్నం నుంచి ఒక దినపత్రికకు విలేఖరిని. మొదటి పని కూడు పెట్టేది, రెండో పని నమస్కారాలు పెట్టించేది. మండీలో తూకం అరకిలో అటూ ఇటూ అయితే రైతు మీదికొచ్చేవాడు. పత్రికలో రెండు వందల మందిని రెండు వేలు చేసినా ఒక్కడూ అడిగేవాడు కాదు. పొద్దున అణిచిపెట్టుకున్నదంతా నేను సాయంత్రం తీర్చుకునేవాణ్ణి. రెండు వేలు నిజంగా వచ్చిన రోజున ‘జనసంద్రం’ అని రాసేవాణ్ణి. మా ఊరికి సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు కదా.

వార్త అనంతపురం చేరడానికి అప్పట్లో రెండు దారులుండేవి. మామూలు వార్తయితే కవరులో పెట్టి సాయంత్రం నాలుగున్నర బస్సు కండక్టరు చేతికి ఇస్తే, అక్కడి బస్టాండులో మా ఆఫీసు మనిషి అందుకునేవాడు. అర్జంటు వార్తయితే ఎస్టీడీ బూత్ నుంచి ఫోను చేసి చెప్పాలి. నాలుగున్నర బస్సుతో చిక్కేమిటంటే, ఊళ్ళో సభలన్నీ ఆరింటికి మొదలవుతాయి. సభ అయ్యాక రాస్తే వార్త మర్నాటికి పాతబడిపోతుంది. అందుకని మేము విలేఖరులం సభకు ముందే సభ గురించి రాసి పంపేసేవాళ్ళం. అధ్యక్షుడు ఏం మాట్లాడతాడో అధ్యక్షుడికంటే మాకే బాగా తెలుసు. ఎవరెవరికి శాలువాలు కప్పారో, ఎన్నిసార్లు చప్పట్లు మోగాయో అన్నీ మధ్యాహ్నం మూడింటికే రాసి, జిగురు పెట్టి అంటించేవాళ్ళం. ఆ తరువాత తీరిగ్గా సభకు పోయి, మేము రాసినట్టే జరుగుతోందో లేదో చూసుకునేవాళ్ళం. జరిగేది కూడా. సభలంటే అలాంటివి.

ఇక ఆ బూత్ సంగతి. బస్టాండుకు ఎదురుగా ఉండేది. వికలాంగుల కోటాలో ఒక ధర్మవరం అమ్మాయికి వచ్చింది. చిన్నప్పుడే పోలియో వచ్చి ఆమెకు రెండు కాళ్ళూ సన్నబడిపోయాయి. చేతులతో తిప్పే మూడుచక్రాల బండి మీద వచ్చేది. ఊరంతా ఆమెను ఫోనక్క అనేది. ఆమె బూత్ తీసుకున్న మొదటి రోజే మేస్త్రీని పిలిపించి వాకిట్లో ఉన్న మెట్టు పగలగొట్టించి, దాని స్థానంలో ఏటవాలుగా ఒక నాపబండ వేయించింది. బండి బజారులోంచి నేరుగా ఫోను పక్కకే పోయేది. ఆ బండ మీదుగా కడుపుతో ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పుల అవ్వలు, నెత్తిన మూటలున్నవాళ్ళు అందరూ పోవడం మొదలుపెట్టారు. పక్క బూత్ వాడికి రెండు మెట్లుండేవి, అతనికి బేరాలు ఎందుకు తగ్గాయో చాలాకాలం అర్థం కాలేదు.

వాళ్ళ నాయన ధర్మవరంలో పట్టు మగ్గాలకు అచ్చులు అతికేవాడు. అంటే ఒక చీర నేత అయిపోగానే, మగ్గం మీద మిగిలిన పాత పోగులకు కొత్త పోగులను ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేలల్లో ఉంటాయి. ఒక్క పోగు తప్పిందా, చీర పొడుగునా గీత కనపడుతుంది. ఈమె చిన్నతనమంతా నాయన పక్కన కూర్చొని ఆ పోగులు కలిపింది. అలాంటి వేళ్ళకు, అలాంటి కంటికి నాలాంటి విలేఖరి దొరికాడు.

నా మొదటి ఓటమి చిరుతపులి దగ్గర జరిగింది. పెనుకొండ కొండ మీద చిరుత తిరుగుతోందని ఎవరో చెప్పారు. పరుగున బూత్‌కు పోయి, ఫోనులో గొంతెత్తి, అనంతపురం ఆఫీసులో వార్తలు దిద్దే డెస్కుకు చెప్పాను: “మూడు చిరుతలు యథేచ్ఛగా సంచరిస్తుండడంతో స్థానికులు తీవ్ర భయాందోళనలకు గురవుతున్నారు.” ఫోను పెట్టాను. ఆమె ఎర్ర అంకెల మీటరు వైపు చూస్తూనే అడిగింది.

“అన్నా, ఆ చిరుతల్ని ఎవురు చూసినారు?”

“స్థానికులమ్మా.”

“ఎంతమంది?”

“ఒకాయన.”

“ఒకాయన మూడూ చూసినాడా?”

“మూడు కాదులే. ఒకటి. అదీ తోక కనపడిందంట, పొదలో.”

“ఒక తోకకు మూడు చిరుతల్ని కట్టినావా అన్నా!”

“నీకు తెలీదమ్మా. ఒక చిరుత అంటే పేపర్లో యాడో మూలన పడేస్తారు.”

“మూలన్నే పడనీ. అది ఉండేది మూలన్నే కదా.”

ఫోను దగ్గర వంతు కోసం నిలబడిన నలుగురూ నవ్వారు. నేను కూడా నవ్వాను, ఏడ్వలేక. ఆ రోజు నుంచి నా మాటకు ఆమె మీటరు పెట్టింది. “‘భయాందోళనలకు గురవుతున్నారు’ అనేదానికి మూడు సెకండ్లు పోతాండాయన్నా. ‘భయపడుతున్నారు’ అంటే ఒకటే. ఆ రెండు సెకండ్లు ఎవురి కోసరం?” అనేది. నేను సమాధానం చెప్పేలోపు ఇంకో నాలుగు సెకండ్లు పోయేవి. తరువాత్తరువాత డెస్కులో వాళ్ళు, ‘మీ శైలి ఈమధ్య బాగా చిక్కబడింది’ అని మెచ్చుకున్నారు. అదంతా నా సాధన అని వాళ్ళకు చెప్పాను.

ఇంకో సంగతి. ఆ బూత్ అద్దాల తలుపు ఎప్పుడూ సరిగా పడేది కాదు. దూరపు ఫోను కాబట్టి అందరూ అరిచి మాట్లాడేవాళ్ళు. ఊరి గుట్టంతా ఆమె చెవిన పడేది. నాకేమో ఒక్క గుట్టు దొరికినా చాలు. ఒకసారి మండీ యజమాని ఒకాయన బెంగళూరుకు అరగంట మాట్లాడి చెమటలు తుడుచుకుంటూ పోయాడు.

“ఏం మాట్లాడినాడమ్మా?” అన్నాను, చెవి దగ్గరికి వంగి.

“వాన గురించి.”

ఎవరి గురించి అడిగినా అదే జవాబు. లేచిపోయిన జంట ఫోను చేసినా వాన గురించే. కోర్టులో ఓడిపోయిన ఆసామి ఫోను చేసినా వాన గురించే. హిందూపురంలో వాన గురించి జనం అంతసేపు మాట్లాడుకున్న మాటే నిజమైతే, సిగ్గుపడైనా ఒకటి రెండు వానలు వచ్చి ఉండేవి.

రెండు వేల సంవత్సరం దగ్గరపడేసరికి చొక్కా జేబుల్లో సెల్‌ఫోన్లు కనపడడం మొదలైంది. బూత్‌ల కాలం అయిపోతోందని మా ఊళ్ళో అందరికంటే ముందు గ్రహించింది ఆమే. గ్రహించి ఊరుకోలేదు. అప్పటికి మా ఊరి కేబుల్ యజమాని రోజుకు రెండు సినిమాలు వేసి, మధ్యలో నగల అంగళ్ళ ప్రకటనలు తిప్పేవాడు. ఆమె ఆయన దగ్గరికి కబురు పంపింది. ఆయన బూత్‌కు వచ్చాడు. నేను ఫోను చేసే నెపంతో అక్కడే ఉన్నాను.

“అన్నా, రోజూ రేత్రి ఏడు నుంచి ఏడున్నర దాకా నాకు అర్ధగంట ఇయ్యి. మన ఊరి వార్తలు చదువుతా. నీళ్ళు ఏ వార్డుకు ఎప్పుడొస్తాయి, మండీలో చింతపండు ఏం ధర, ఏ బస్సు రద్దయింది, ఎవురు ఏం అడుగుతాండారు. పేపర్లో వచ్చేలోపల జనానికి తెలియాల.”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. మంచి మనిషే. కాకపోతే ధైర్యం తక్కువ.

“ఉపాయం బాగుండాదమ్మా. గొంతు నీది పెడదాం. మొగం మాత్రం వేరే పిల్లది పెడదాం.”

“నా మొగానికేమొచ్చెన్నా?”

“మొగానికేం కాలేదు. బండి ఉండాది కదా. జనం అయ్యో అనుకుంటారు. అన్నాలు తినే టయానికి అయ్యో అనిపించకూడదు.”

“వార్తలు వింటే ఎట్లాగూ అయ్యో అంటారు కదన్నా, మన ఊరివి.”

ఆయనకు నవ్వొచ్చింది గాని ఒప్పుకోలేదు. వచ్చే శుక్రవారం పెనుకొండలో ఒక సేవా సంఘం వాళ్ళు వికలాంగులకు సన్మానం చేస్తున్నారు. ఆమెకు కూడా పిలుపు వచ్చింది. ఆయన అక్కడ ఒక అతిథి. “ఆడ నలుగురిలో జనం నిన్ను ఎట్ల చూస్తారో నేనూ చూస్తా. చూసి ఆడనే స్టేజీ మీద చెప్తా, అవునో కాదో,” అని లేచాడు.

ఆయన పోయాక ఆమె నాతో, “నాకు శాలువా వద్దన్నా. శాలువాలు ఇంట్లో మూడుండాయి, మా నాయన మగ్గం మీద దుమ్ము పడకుండా కప్పుతాడు. నాకు ఆ అర్ధగంట కావాల. నా మొగంతోనే కావాల,” అంది. ఆమె నోట ‘కావాల’ అన్న మాట నేను వినడం అదే మొదటిసారి.

శుక్రవారం వచ్చింది. సభ ఆరింటికి. బస్సు నాలుగున్నరకు. నేను మూడింటికే వార్త రాసేశాను. దాని నకలు నా దగ్గర ఇప్పటికీ ఉంది. సిగ్గు కోసం దాచుకున్నాను. అందులో ఇలా ఉంది: “రెండు వేల మంది హర్షధ్వానాల మధ్య ఆమెను వేదిక మీదకు ఎత్తుకొని వచ్చారు. ఆనందబాష్పాలు రాలుస్తూ ఆమె, వైకల్యం తన దేహానికే గాని మనసుకు కాదని అన్నారు. వచ్చే సోమవారం నుంచి రోజూ సాయంత్రం వార్తలను ఆమే తెరపై కనిపించి చదువుతారని కేబుల్ యజమాని చప్పట్ల మధ్య ప్రకటించారు.”

ఆ చివరి వాక్యం ఎందుకు రాశావంటారా? అది లేకపోతే వార్తకు తోక లేనట్టు అనిపించింది.

కవరు కండక్టరుకు ఇచ్చి, అదే బస్సెక్కి కూర్చున్నాను. నేనూ నా అబద్ధమూ పెనుకొండ దాకా ఒకే బస్సులో వచ్చాం. నేను దిగాను. అది అనంతపురం పోయింది.

సభ జరిగే హాలు మేడ మీద ఉంది. కింద వరసగా మూసేసిన అంగళ్ళు, పక్కన సన్నటి మెట్లు. ఇరవై రెండు మెట్లు. సభకొచ్చిన జనాన్ని నేను ఏనాడూ లెక్కపెట్టలేదు గాని, ఈ మెట్లు మాత్రం లెక్కపెట్టాను, ఒట్టు. శాలువాలు, దండలు, బ్యానరు, అతిథులు అంతా పైన. సన్మానం అందుకోవలసిన ఎనిమిది మందీ కింద. ఒకరికి చంక కర్రలు, ఒకరికి చూపు లేదు, ఒకరికి నడుం నిలవదు. ఆమె లగేజీ ఆటోలో తన బండితో సహా వచ్చి దిగింది. సంఘం అధ్యక్షుడు ఎదురొచ్చాడు. ఆయన వెనకాల నలుగురు బలిష్ఠులు, ఒక ఫొటోగ్రాఫరు.

“భయపడొద్దమ్మా, మా వాళ్ళు నిన్ను పూలబుట్ట మాదిరి ఎత్తుకొని పోతారు,” అన్నాడు అధ్యక్షుడు.

“వద్దన్నా. మీరే దిగిరాండి.”

“అట్లెట్లమ్మా! పైన స్టేజీ ఉండాది. బ్యానరు కట్టినాము.”

“బ్యానరు ఎత్తుకొని రావచ్చు కదన్నా. దానికి నలుగురు కూడా అక్కరలే.”

పక్కన చంక కర్రలతో నిలబడిన, గుడిబండ నుంచి వచ్చిన పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. “పోయిన తూరి వేరే ఊర్లో నన్ను కూడా పూలబుట్ట మాదిరే ఎత్తుకొని పోయినారు పాపా. సన్మానం బాగా చేసినారు. దింపేటప్పుడు ఒకడూ లేకపాయె. అందరూ భోజనాలకు పోయినారు. నేను శాలువా కప్పుకొని పైనే ఉంటి, చీకటిపడే దాకా.”

పైవాళ్ళను అడిగొస్తానని అధ్యక్షుడు మెట్లెక్కి పోగానే ఆమె బండిని తిప్పి, సరిగ్గా మెట్ల మొదట్లో అడ్డంగా పెట్టి, బ్రేకు లాగింది. ఇప్పుడు పైవాళ్ళు దిగాలన్నా దారి లేదు.

మధ్యవర్తిని నేను, నా ఒక్కడికే బండి కొంచెం జరిపి దారిచ్చేది. ఆ మెట్లు పదిసార్లు ఎక్కి దిగాను. సరే, మూడుసార్లు. పైన అతిథులు ఇది పట్టుదల అన్నారు, పొగరు అన్నారు, ఇంకెవరో మంచి రోజు చూసుకొని పెట్టుకోవలసింది అన్నారు. కేబుల్ యజమాని కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“ఏమ్మా, నీ మంచికే కదా ఇదంతా! పైకి రామ్మా!”

“నేను రానంటలేదన్నా, రాలేనంటాండా. మీరు దిగిరాగలరు కదా. ఎందుకు రారు?”

ఆయన తల లోపలికి పోయింది.

చివరికి ముందు మెత్తబడింది మైకుసెట్టు ఆయన. పాపం, ఆయనకు ఎనిమిదింటికి ఇంకో ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు ఉంది. సభ మొదలైతేనే అయిపోతుంది, అయిపోతేనే ఆయన పోగలడు. ఎవరినీ అడక్కుండా మైకును వైరుతో సహా కిటికీలోంచి కిందికి జారవిడిచాడు. అది బావిలోకి దిగే చేద మాదిరి ఊగుతూ ఆమె చేతికందింది. ఆమె దాన్ని పట్టుకుని ఒకసారి తట్టి చూసింది. ఆమె గొంతు రోడ్డు మీద మోగింది.

“నమస్కారం. పెనుకొండలో ఇప్పుడు టైము ఆరూ నలభై. సన్మాన సభ పైన ఉండాది. సన్మానం జరగాల్సిన వాళ్ళు కింద ఉండారు. మధ్యలో మెట్లుండాయి. పైన పద్నాలుగు మంది, కింద నలభై ఎనిమిది మంది. ఎవురు ఎవురి కోసరం వచ్చినారో ఇంకా తెలిసి రాలేదు. తెలిసిన వెంటనే చెప్తాము.”

రోడ్డు మీద జనం పగలబడి నవ్వారు. టీ అంగడిలో వాళ్ళు గ్లాసులతో సహా వచ్చేశారు. ఆమె ప్రతి రెండు నిమిషాలకూ తాజా వార్త చెప్పింది. “ఇప్పుడే అందిన వార్త. పైనుంచి ఒకాయన చెప్పులేసుకుంటాండాడు.” “ఇప్పుడే అందిన వార్త. దండలు కిందికి వస్తాండాయి, మనుషులు ఇంకా ఆలోచిస్తాండారు.” మొదట అధ్యక్షుడు దిగాడు. ఆయన నవ్వు ఆపుకోలేకపోతున్నాడు. ఆమె బ్రేకు తీసి దారిచ్చింది. తరువాత ఒక్కొక్కరూ దిగారు. మూసిన అంగడి తలుపుకు బ్యానరు కట్టారు. సన్మానం రోడ్డు మీదే, టీ అంగడి బెంచీల మీద జరిగింది. గుడిబండ పెద్దాయన తన శాలువా కప్పుకొని, ఎవరి సాయమూ అడగకుండా తన దారిన తాను బస్టాండుకు పోయాడు.

కేబుల్ యజమాని అందరికంటే వెనక దిగాడు. ఆమె పక్కనుంచే పోయాడు. ఆమె తలెత్తి చూసింది. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. జీపెక్కి పోయాడు.

ఆమె మైకు వైరును చుట్ట చుడుతూ కూర్చుంది. చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. “అర్ధగంట పాయెలే అన్నా,” అంది కాసేపటికి. తరువాత, “ఇదైనా జరిగింది జరిగినట్టు రాయి,” అంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు కవరు.

ఇక్కడి నుంచి కథ నేను రెండు రకాలుగా చెప్పేవాణ్ణి. మొదటి రకం: పరుగెత్తుకుంటూ పెనుకొండలో ఉన్న బూత్‌లన్నీ తిరిగాను, ఎక్కడా లైను దొరకలేదు. రెండో రకం, ఇది కొంచెం పెద్దవాళ్ళకు చెప్పేది: లైను దొరికింది గాని, అబద్ధమే అచ్చయితే కేబుల్ యజమాని మాట తప్పలేక ఆమెకు అర్ధగంట ఇచ్చేస్తాడని, ఆమె మేలు కోరి వదిలేశాను.

రెండూ కాదు. లైను మొదటి బూత్‌లోనే దొరికింది. డెస్కులో మనిషి, “చెప్పండి, మీ సన్మానం వార్త పేజీలో పెట్టేశాం, ఏమైనా మార్పా?” అన్నాడు. మార్పు చెప్పాలంటే సభకు ముందే రాశానని ఒప్పుకోవాలి; అందరూ చేసేదే గాని, నోరు తెరిచి ఒప్పుకున్నవాడి ఉద్యోగం పోతుంది. ఆమె మొహం నాకు గుర్తు రాలేదు. నా ఉద్యోగం గుర్తొచ్చింది. “ఏం లేదు, అందిందో లేదోనని,” అని పెట్టేశాను. బూత్ మీటరు మీద తొమ్మిది సెకండ్లు చూపిస్తోంది. నేను చేసిన ఫోన్లలో అంత చిన్నది ఇంకొకటి లేదు.

మర్నాడు పేపరు వచ్చింది. మూడు కాలాలు. పొద్దున పదకొండింటికి నేను బూత్‌కు పోయేసరికి ఆమె ముందు పేపరు పరిచి ఉంది. నా వైపు చూడలేదు. ఫోను దగ్గర అగళి నుంచి వచ్చిన ఒకావిడ వంతు కోసం కూర్చుని ఉంది. నేను నోరు తెరిచేలోపే కేబుల్ యజమాని వచ్చాడు. చంకలో పేపరు, మొహం నిండా వెలుగు. పొద్దున్నుంచి ఆయనకు ఒకటే అభినందనలంట. ఇద్దరు నగల అంగళ్ళవాళ్ళు ఆ అర్ధగంటలో ప్రకటనలు కూడా అడిగారంట.

“సరేలేమ్మా. పేపర్లో వచ్చేసింది కదా. సోమవారం నుంచి చదువు. నీ మొగంతోనే చదువు. నిన్ననే చెప్పినట్టు అనుకుందాం.”

నాకు గుండె మీదనుంచి మూట దింపినట్టయింది. చూశావా, నా అబద్ధమే పని చేసింది అన్నట్టు ఆమె వైపు చూశాను.

“నువ్వు నిన్న చెప్పలేదు కదన్నా,” అంది ఆమె.

“ఎవురికి తెలుసమ్మా?”

“ఆడ ఉన్న అరవై రెండు మందికి తెలుసు. నేను మొదటి రోజు మొగం చూపించి కూర్చుంటే, ఈమె అబద్ధంతో వచ్చిందనుకుంటారు. తర్వాత నేను నీళ్ళు ఆరింటికి వస్తాయంటే ఎవురు నమ్ముతారు? మొదటి వార్త ఇదే చదువుతా. పేపర్లో వచ్చింది తప్పు అని.”

ఆయన మొహం వాడిపోయింది. “నా పరువేం కావాల?”

“ఇష్టం లేకపోతే వద్దులే అన్నా. అర్ధగంట నీది.”

అంత మాట అనేసింది. నేను తట్టుకోలేక, “గమ్మునుండమ్మా, చేతికొచ్చినదాన్ని…” అన్నాను.

“నువ్వు గమ్మునుండన్నా,” అంది, మొదటిసారి నా వైపు చూసి. చూపులో కోపం కంటే చేదు ఎక్కువ ఉంది. మళ్ళీ ఆయన వైపు తిరిగింది. “నిన్న చెప్పకపోతే ఏమాయె? ఈ పొద్దు చెప్పు. ఈడ, మనుషుల ముందర. నిన్న చెప్పలేదు, ఈ పొద్దు చెప్పినాడు అని చదువుతా. దాంట్లో నీ పరువు యాడ పోతుంది?”

ఆయన చుట్టూ చూశాడు. నేను, అగళి ఆవిడ. మీటరు మీద ఎర్ర అంకెలు సున్నా దగ్గర వెలుగుతున్నాయి. ఆయన లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు. నిజంగానే స్టేజీ మీద ఉన్నట్టు గొంతు సవరించుకుని, సోమవారం నుంచి సాయంత్రం ఏడు గంటలకు వార్తలు ఈమే చదువుతుంది, ఈమె మొగంతోనే, ఈమె బండిలోనే, అని ప్రకటించాడు. అగళి ఆవిడ మర్యాదకు చప్పట్లు కొట్టి, “ఏం ఫంక్షనమ్మా ఇది?” అని అడిగింది.

సోమవారం ఏడింటికి నేను మండీ దగ్గర టీ అంగడిలో ఉన్నాను. ఊరంతా టీవీల ముందు ఉంది. ఊరంతా అంటే, మా అంగడిలో పదిహేడు మంది. తెర మీద ఆమె కనపడింది. బూత్‌లోనే కెమెరా పెట్టారు. బండి చక్రం కింది మూలన స్పష్టంగా కనపడుతోంది.

“నమస్కారం. హిందూపురం వార్తలు. ముందుగా ఒక దిద్దుబాటు. పోయిన శుక్రవారం పెనుకొండలో జరిగిన సభ గురించి ఒక పేపర్లో వార్త వచ్చింది. సభకు వచ్చినవాళ్ళు రెండు వేల మంది కాదు, అరవై రెండు మంది. నన్ను ఎవరూ ఎత్తుకొని పోలేదు. నేను ఏడవలేదు. ఈ వార్తల గురించి మా కేబుల్ యజమాని ఆ రోజు ఏమీ ప్రకటించలేదు. మర్నాడు పొద్దున పదకొండు గంటలకు, ఇదే బూత్‌లో, ఇద్దరి ముందర ప్రకటించారు. ఒకరు అగళి నుంచి ఫోను చేసుకోవడానికి వచ్చినావిడ. ఇంకొకరు ఆ వార్త రాసిన విలేఖరి.”

పదిహేడు మందీ టీవీ వదిలేసి నా వైపు తిరిగారు. “ఏమప్పా, నువ్వేనా!” అన్నాడు టీ అంగడాయన. తల ఊపాను. ఆమె మాత్రం అప్పటికే చింతపండు ధరకు పోయింది. ఒక్కరూ అయ్యో అనలేదు. అన్నవాళ్ళు నా గురించి అన్నారు.

మర్నాడు బూత్‌కు పోతే ఆమె ఫోను నా ముందుకు జరిపి, మీటరు సున్నా చేసి కూర్చుంది. డెస్కుకు ఫోను చేసి అంతా చెప్పాను. ఆ తరువాత నేను ఆత్మగౌరవంతో రాజీనామా చేశానని అందరికీ చెప్పాను. నిజానికి వాళ్ళే వద్దన్నారు. నెల తిరక్కముందే ఆమె కబురు పంపింది. “పెనుకొండ వార్తలు తెస్తావా అన్నా? ఒకటే షరతు. తలకాయలు లెక్కపెట్టి రావాల.” ఏడేళ్ళు లెక్కపెట్టాను. ఇప్పటికీ ఎవరి పెళ్ళికి పోయినా పంక్తిలో కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టందే నాకు అన్నం దిగదు.

ఆ అర్ధగంట క్రమంగా ధర్మవరం కేబుల్‌లో కూడా వచ్చింది. అక్కడ ఒక పట్టుచీరల వర్తకుడు ఆమెను ప్రకటనకు అడిగాడు. బండి కనపడకుండా మంచం మీద కూర్చోబెట్టి తీస్తానన్నాడు. “బండి లేకుంటే చీర కూడా లేదన్నా,” అంది. బండి మీదే తీశారు. కూర్చున్న మనిషి ఒళ్ళో అంచు ఎంత బాగా పరుచుకుంటుందో ఆ రోజు కనపడింది. ఆ తరువాత ధర్మవరం అంగళ్ళన్నీ కూర్చున్న ఆడవాళ్ళతోనే ప్రకటనలు తీశాయి. అన్నీ కాదు, రెండు. ఇంకో నియమం కూడా పెట్టింది: వాకిట్లో మెట్టు తీసి బండ వేసిన అంగడికే తన వార్తల్లో ప్రకటన. దాంతో హిందూపురంలో ఒక్క మెట్టు కూడా మిగల్లేదు. మిగిలాయి లెండి. బండలు వేసింది పదకొండు అంగళ్ళు. వాటిలో ఒకటి ఆ పక్క బూత్ వాడిది.

ఇదంతా అచ్చుకు ఇచ్చేముందు మొన్న ఆమెకు ఫోను చేసి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాను. ధర్మవరంలో ఉంటోంది ఇప్పుడు. ఆ తొమ్మిది సెకండ్ల సంగతి ఆమెకు అంతవరకూ తెలీదు. అక్కడికొచ్చేసరికి గబగబా చదివేశాను. అవతల చాలాసేపు చప్పుడు లేదు. మీటరు ఉంటే ఎంత పోయేదో.

“ఇరవై ఏండ్లు పట్టిందా అన్నా, ఆ మాట చెప్పేదానికి?” అంది చివరికి.

“పట్టిందమ్మా.”

“సరేలే. చెప్పినావు కదా.” తరువాత, “అంతా బాగుండాది. ఒక తప్పుండాది,” అంది.

“ఏదమ్మా?”

“మెట్లు ఇరవై రెండు కాదు. పందొమ్మిది.”

“నేను ఎక్కినానమ్మా! లెక్కపెట్టినాను, ఒట్టు!”

“నువ్వు ఎక్కినావు అన్నా. నేను కింద కూర్చోనుంటి. లెక్కపెట్టే తీరిక ఉన్నింది నాకే కదా.”